ఒరిగిన ఓడను సరిచేయకండి!

“ఎవరురా ఈమె?”

ఫోన్‌లో ఫొటో చూసి నాయన అడిగిన మొదటి మాట ఇది. ఆ ఫొటోలో ఉన్నది ఆయన్ని కన్నతల్లి, మా అవ్వ.

1967 నాటి రంగు స్లైడ్ అది. పినాంగ్ నుంచి మద్రాసు వస్తున్న ఓడ, అల్లకల్లోలంగా ఉన్న బంగాళాఖాతం, రెయిలింగ్ పట్టుకుని నిలబడిన అవ్వ. తీసింది తాత. యాభై ఏళ్ళకు పైగా ట్రంకు పెట్టెలో పడి ఉండి మొత్తం ఎర్రబారిపోయింది. స్కాన్ చేసి ఫోన్‌లో ఉన్న ఒక యాప్‌కి ఇచ్చా. ఒక్క బటన్, పది సెకన్లు. ఎర్రటి సముద్రం నీలంగా మారిపోయింది. వంకరగా ఉన్న సముద్రపు అంచు తిన్నగా అయిపోయింది. మసగ్గా ఉన్న అవ్వ ముఖం కనురెప్పలతో సహా తేలింది.

నాకైతే భలే అనిపించింది. గబగబా తీసుకెళ్ళి నాయనకు చూపించా. అప్పుడొచ్చింది ఆ ప్రశ్న.

యాప్ మా అవ్వ ముఖాన్ని బాగుచేయలేదు. కొత్త ముఖం ఒకటి గీసి పెట్టింది.

సముద్రం ఎక్కడ, లేపాక్షి ఎక్కడ!

మాది లేపాక్షి. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం కరువు సీమ. జిల్లా విడిపోయి 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా అయింది కానీ, మబ్బు వైపు చూసే చూపు మాత్రం మారలేదు. ఇక్కడ అల అంటే వేరుశనగ చేలో గాలికి లేచేదే.

అలాంటి ఊళ్ళో, ఒక ట్రంకు పెట్టెలో, తుపాను సముద్రం దొరికింది. తాత పినాంగ్‌లో గుమాస్తాగా పనిచేశాడు. అవ్వనీ, ఆరేళ్ళ నాయననీ వెంటబెట్టుకుని తిరిగొస్తూ దారిలో తీసిన స్లైడ్లు అవి.

వాళ్ళు ఎక్కిన ఓడ పేరు ‘రజులా’. మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూర్ దారిలో ఈ ఓడకున్న పేరు మరి దేనికీ లేదు. 1926లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారైంది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. మొదట్లో ఒక్క ట్రిప్పులో 5 వేల మందికి పైగా డెక్ ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి ఉండేది. డెక్ ప్రయాణికులంటే గది, మంచం లేనివాళ్ళు. చాప పరుచుకుని, ఎక్కడ చోటు దొరికితే అక్కడే తినడం, పడుకోవడం. 1973లో దీన్ని షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని ‘రంగత్’ అని పేరు మార్చింది. ఆ మరుసటేడే బొంబాయిలో తుక్కుకింద విరిచేశారు. తర్వాత అదే దారిలో తిరిగిన ‘చిదంబరం’ నౌకలో 1985 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం జరిగింది. ఆ ఓడ కథ కూడా అక్కడితో ముగిసింది. ఇప్పుడు చెన్నైలో విమానం ఎక్కితే నాలుగున్నర గంటలు తిరక్కుండానే సింగపూర్‌లో ఉంటాం.

తెలుగువాళ్ళ ఓడ ప్రయాణాల కథ చాలా పెద్దది. గోదావరి పాయ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవాళ్ళందర్నీ ‘కోరంగీలు’ అనేవాళ్ళు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడలో చెరకు తోటల కూలికి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళెవరి దగ్గరా కెమెరా లేదు. మామూలు మనుషుల చేతికి 35 ఎం.ఎం. రంగు స్లైడ్ ఫిల్ము వచ్చిందే 1936లో. మన ఇళ్ళకు అది చేరేసరికి ఓడల కాలం చివరికొచ్చేసింది. అంటే ఆ ప్రయాణాలను రంగుల్లో చూడాలంటే, చివరి ముప్ఫై ఏళ్ళలో ఎవరో కొద్దిమంది తీసిన స్లైడ్లే దిక్కు. అందుకే ఒక్కటి పాడైనా నష్టం పెద్దదే.

ఎండ కాపాడింది, ఎండే తినేసింది

స్లైడ్ అంటే నెగటివ్ కాదు. వెలుతురుకు ఎదురుగా పెడితే అసలు రంగుల్లోనే బొమ్మ కనిపించే ఫిల్ము ముక్క. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. చుట్టూ అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన 5 సెంటీమీటర్ల చదరపు చట్రం. ప్రొజెక్టర్‌లో పెట్టి, గోడ మీద తెల్ల దుప్పటి కట్టి, ఇంటిల్లిపాదీ చూసేవాళ్ళు.

అందులో మూడు రంగుల పొరలుంటాయి. పసుపు, మెజెంటా, సియాన్. సియాన్ అంటే నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. ఎరుపు వెలుగును అడ్డుకునే కాపలాదారు ఇదే. పాత ఎక్టాక్రోమ్ లాంటి ఫిల్ముల్లో చీకట్లో పెట్టినా ఈ సియాన్ తొందరగా నీరసించిపోతుంది. కాపలా పోయాక ఎరుపు అడ్డూ అదుపూ లేకుండా దాటి వచ్చేస్తుంది. పాత స్లైడ్లు ఎర్రగా కనిపించడానికి కారణం ఇది. కోడాక్రోమ్ తీరు వేరు. చీకట్లో ఉంచితే దశాబ్దాలు గడిచినా రంగు బాగా నిలుస్తుంది. కానీ ప్రొజెక్టర్ దీపం కింద ఎక్కువసేపు ఉంటే త్వరగా వెలిసిపోతుంది. ‘అప్పట్లో ప్రతి చుట్టం వచ్చినప్పుడూ వేసి చూపించిన’ స్లైడే ఎక్కువ పాడై ఉండటం అందుకే.

ఇక మా ఊరి ఎండ సంగతి. ఫిల్ము మీద రంగులను పట్టి ఉంచేది జెలటిన్. అది బూజుకు మంచి భోజనం. గాల్లో తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి చోట్ల పాత స్లైడ్లను చూస్తే చెట్టు కొమ్మల్లా పాకిన మరకలు కనిపించేది దీనివల్లే. మా పెట్టెలో ఉన్న నలభై చిల్లర స్లైడ్లలో బూజు మచ్చ ఒక్కటి లేదు. ఈ పొడిగాలి పుణ్యం. కానీ అదే పెట్టె రేకుల కప్పు కింద, అటక మీద ఉంది. రంగులు ఎగిరిపోవడానికి వేడి కూడా చాలు. బొమ్మను కరువు కాపాడింది, రంగును ఎండ తీసుకుంది.

తప్పులనుకున్నవి తప్పులు కావు

యాప్ చేసిన పనిని కంప్యూటర్‌లో పెద్దగా వేసుకుని, అసలు స్కాన్‌తో పక్కపక్కన పెట్టి చూశా. అది నాలుగు ‘తప్పులు’ దిద్దింది. నాలుగూ తప్పులు కావు.

ఒకటి, వంపు. మామూలు ఫొటోలో సముద్రపు అంచు వంకరగా ఉంటే తీసినవాడి చెయ్యి వణికిందని అర్థం. తుపాను ఓడ మీద తీసిన ఫొటోలో లెక్క వేరు. తీసినవాడు ఓడతో పాటే ఒరుగుతాడు. డెక్ తిన్నగా కనిపిస్తుంది, సముద్రం ఏటవాలుగా లేస్తుంది. ఆ వంపు ఎంతుంటే ఆ క్షణాన ఓడ దాదాపు అంత ఒరిగిందన్నమాట. దాన్ని సరిచేస్తే తాత కంటికి ఆ రోజు కనిపించింది పోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. ఫొటోను తిప్పితే నాలుగు మూలలూ కత్తిరించాలి. ఆ మూలల్లో ఏముందో యాప్‌కి పట్టదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

రెండు, మసక. అప్పట్లో ఎక్కువగా వాడిన స్లైడ్ ఫిల్ముల వేగం 25, 64 అంకెల దగ్గరే ఉండేది. ఇప్పుడు మన ఫోన్లు చీకట్లో వేలల్లోకి వెళ్తున్నాయి. 64 వేగం ఫిల్ముతో, దట్టమైన మబ్బు కింద, షట్టర్ వేగం తగ్గించక తప్పదు. కాళ్ళ కింద డెక్ ఊగుతుంటే ఆ కాస్త సమయంలోనే ముఖం చెదిరిపోతుంది. అది తాత చేతకానితనం కాదు. ఆ గాలి, ఆ ఊపు అలాంటివి.

మూడు, తెల్లటి చుక్కలు. యాప్ వాటిని దుమ్మనుకుని తుడిచేసింది. స్లైడ్‌లో ఒక చిన్న కిటుకు ఉంది. దుమ్ము వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి స్కాన్‌లో నల్లగా పడుతుంది. అల విరిగి లేచిన తుంపర తెల్లగా ఉంటుంది. గీతలు కొన్ని తెల్లగా పడొచ్చు, కానీ అవి చుక్కల్లా కాదు, పొడుగ్గా పోతాయి. నల్ల చుక్క తీసెయ్. తెల్ల చుక్క కనిపిస్తే ఆగు. ఆ తుంపరే కదా ఆ రోజు వాళ్ళను తడిపింది!

నాలుగు, రంగు. సముద్రం అంటే నీలం అని యాప్ నేర్చుకుంది. నాయన మాత్రం చూడగానే అన్నాడు. “ఆ పొద్దు సముద్రం నీలంగా యాడుండిందిరా? బోకులు కడిగిన నీళ్ళ మాదిరి ఉండింది.”

ఆరేళ్ళ పిల్లాడికి గుర్తున్న రంగు అది. ఏ యాప్‌లోనూ ఆ రంగుకు బటన్ లేదు.

వేలాడే స్తంభం చెప్పిన పాఠం

ఆ సాయంత్రం వీరభద్రస్వామి గుడికి వెళ్ళా. పదహారో శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. రీల్స్ తీసుకునేవాళ్ళంతా వేలాడే స్తంభం దగ్గరే గుంపు. కింద నుంచి గుడ్డ లాగడం, నవ్వడం, వీడియో తీయడం.

ఆ స్తంభం గురించి మా ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజినీరు దొర వచ్చాడట. స్తంభం నేలకు ఆనలేదేంటి, సరిచేద్దాం అని కదిలించబోయాడట. పైకప్పు కదిలేసరికి భయపడి వదిలేసి వెళ్ళాడట. నిజమెంతో గానీ, చిన్నప్పటి నుంచి విన్న ఆ కథ ఆ రోజు కొత్తగా వినిపించింది. నేనూ ఆ దొర లాగే వంకర కనిపించింది కదా అని బటన్ నొక్కినవాణ్ణే.

తలెత్తి పైకప్పు చూశా. రంగుల చిత్రాలు. కొన్నిచోట్ల చీర అంచుల మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. కొన్నిచోట్ల పెచ్చులూడి ఒట్టి రాయి. ఊడినచోట కొత్త బొమ్మ వేయించడం పెద్ద కష్టం కాదు. కానీ అప్పుడు అది విజయనగరం నాటి బొమ్మ అవ్వదు, మన బొమ్మ అవుతుంది. పాత కట్టడాల పునరుద్ధరణ గురించి 1964లో వెనిస్‌లో నిపుణులు కూర్చుని రాసుకున్న నియమాల్లో ఒకటి ఇదే. ఊహ ఎక్కడ మొదలవుతుందో అక్కడ చెయ్యి ఆపెయ్యాలి.

గుడి గోడ మీద రెండు ఎర్రటి మరకలున్నాయి. రాజు శిక్ష వేస్తాడని తెలిసి విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి విసిరికొట్టిన గుర్తులని చెప్తారు. పక్కనే కల్యాణ మండపం సగంలో ఆగిపోయి ఉంది. ఆ మరకలు తుడిచి, మండపం పూర్తి చేసేస్తే చూడ్డానికి నీటుగా ఉంటుందేమో. కథ మాత్రం ఉండదు.

ఇంటికొచ్చి యాప్ ఫొటో తీసేసి, అసలు స్కాన్‌తో మళ్ళీ మొదలుపెట్టా.

మళ్ళీ మొదటి నుంచి

ఈసారి తుపాను స్లైడ్‌ను ముందు ముట్టుకోలేదు. అదే పెట్టెలో, అదే రీలులో తీసిన ఇంకో స్లైడ్ ఉంది. పినాంగ్ రేవులో ఆగి ఉన్న ఓడ. దాని పొగగొట్టం నాకు బాగా ఉపయోగపడింది. ఆ కంపెనీ ఓడల పొగగొట్టాలు నల్లగా, మీద రెండు తెల్ల పట్టీలతో ఉండేవి. అంటే ఆ స్లైడ్‌లో ఏది నలుపో, ఏది తెలుపో నాకు ముందే తెలుసు. అంత ఖాయమైన కొలత ఇంకేం కావాలి?

ఎరుపు, ఆకుపచ్చ, నీలం... ఒక్కో చానెల్‌ను విడివిడిగా తీసుకుని, నలుపు నల్లగా, తెలుపు తెల్లగా వచ్చేదాకా లెవెల్స్ కదిలించా. నీరసించిన ఎరుపు చానెల్‌కే ఎక్కువ పని పడింది. అక్కడ తేలిన అంకెల్ని అలాగే తుపాను స్లైడ్‌కి వేశా. ఒకే రీలు, ఒకే పెట్టె, అన్నేళ్ళూ ఒకే ఎండ. కాబట్టి రెండింటి రంగూ దాదాపు ఒకేలా పోయి ఉండాలి. ఇలా చేస్తే ఎండ తినేసిన రంగు వెనక్కొస్తుంది. మబ్బు వల్ల వచ్చిన దిగులు రంగు మాత్రం అలాగే ఉంటుంది. తుపాను నురుగునే తెలుపు అనుకుని సరిచేసి ఉంటే ఆ మబ్బును కూడా తుడిచేసేవాణ్ణి.

ఎర్ర తెర తొలగింది. సముద్రం నీలంగా రాలేదు. బోకులు కడిగిన నీళ్ళలాగే వచ్చింది!

నల్ల చుక్కల్ని ఒక్కొక్కటిగా తీశా. రెండు గంటలు పట్టింది. వంపు ముట్టుకోలేదు. అవ్వ ముఖం ముట్టుకోలేదు. అది మసగ్గానే ఉంది.

కానీ కింద ఎడమ మూల, ఇన్నాళ్ళూ ఎర్రటి చీకటి తప్ప ఏమీ లేదనుకున్న చోట, ఏదో తేలింది. అవ్వ కుడి చెయ్యి రెయిలింగ్ మీద ఉంది. రెండో చెయ్యి కిందికి చాచి ఉంది. ఆ చేతి పిడికిట్లో గుడ్డ. గుడ్డ కాదు, చొక్కా కాలర్. దాని పక్కన తడిసిన జుట్టుతో ఒక చిన్న తల, సగమే.

యాప్ తిన్నగా తిప్పి కత్తిరించి పారేసిన మూల ఇదే.

నాయనకు చూపించా. ఈసారి “ఎవరురా” అనలేదు. ముఖం వైపు చూడనే లేదు. ఆ పిడికిలి మీద వేలు పెట్టి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు.

“నన్నే పట్టుకోనుండేది,” అన్నాడు. “ఇడిస్తే పోతానని ఆ వారం దినాలూ ఇడవనే లేదు.”

మీ ఇంట్లోనూ ఒక పెట్టె ఉండొచ్చు

ఓడలే కానక్కర్లేదు. పెళ్ళిళ్ళు, పంటలు, పాత ఇళ్ళు... ఏ స్లైడైనా పద్ధతి ఇదే.

• ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఫిల్ము ఆధారమే చెడుతోందని అర్థం. వాటిని మిగతావాటి నుంచి వేరు చేసి, ముందుగా స్కాన్ చేయండి.

• నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. చీర కొంగు, రుమాలు వద్దు. కెమెరా షాపులో దొరికే రబ్బరు బ్లోయర్, మెత్తటి బ్రష్ చాలు. బూజు ఉన్నదాన్ని నీళ్ళతో అసలు కడగొద్దు. బూజు తిన్న జెలటిన్ నీళ్ళలో కరిగి, బొమ్మే పోవచ్చు.

• చట్రం మీద రాసింది పారేయొద్దు. దాన్ని కూడా ఫొటో తీయండి. కోడాక్ చట్రాల మీద నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. కానీ అది ఫిల్మును కడిగిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు.

• ఫిల్ము స్కానర్ దొరికితే 4000 డీపీఐలో, 16 బిట్ టిఫ్ ఫైలుగా తీయించండి. ఒక్కో స్లైడ్ నుంచి సుమారు 2 కోట్ల పిక్సెళ్ళ బొమ్మ వస్తుంది. స్కానర్లలో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే సదుపాయం ఎక్టాక్రోమ్‌కి బాగా పనిచేస్తుంది. కోడాక్రోమ్ మీద మాత్రం పొరబడుతుంది, ఆపేయండి.

• స్కానర్ లేదా? ట్యాబ్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, స్లైడ్‌ను దానికి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున ఆనించి, గదిలో లైట్లు ఆర్పి, ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి తీయండి. ఇది ఇంట్లోవాళ్ళకు చూపించడానికి సరిపోతుంది. దాచుకోవడానికి కాదు.

• బొమ్మ తిరగబడిందేమో చూసుకోండి. ఫిల్ము మెరిసే వైపు మీ వైపు ఉంటేనే బొమ్మ సరైన దిక్కులో ఉంటుంది. ఇంకో గుర్తు, మన ఇళ్ళలో పైట ఎడమ భుజం మీద ఉంటుంది. మీ అమ్మమ్మ పైట కుడి వైపు కనిపిస్తే స్లైడ్ తిరగబడినట్టే!

• అసలు స్కాన్ మీద ఎప్పుడూ చెయ్యి పెట్టొద్దు. కాపీ మీదే పనిచేయండి. ఏం మార్చారో రెండు ముక్కలు రాసి పక్కన ఉంచండి. ఏఐతో ముఖం ‘తేల్చితే’ ఆ మాట ఫొటో మీదే రాయండి. లేకపోతే ఇంకో ఇరవై ఏళ్ళకు మీ పిల్లలు ఆ లేని ముఖాన్నే మీ అవ్వ అనుకుంటారు.

• స్లైడ్లను అటక దించండి. చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే చోట పెట్టండి. బీరువాలో కింది అర చాలు.

• చివరిది, అన్నిటికన్నా ముందు చేయాల్సింది. ఆ ఫొటోలో ఉన్నవాళ్ళు ఎవరైనా బతికుంటే వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేయండి. ఆ సముద్రం ఏ రంగులో ఉందో వాళ్ళకే తెలుసు.

మా స్లైడ్‌ను ప్రింటు తీయించి హాల్లో పెట్టాం. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ “వంకరగా ఉంది, సరిచేయించలేదా?” అంటారు. నాయన నవ్వి ఊరుకుంటాడు. ఒకసారి మా చుట్టం ఒకాయన ఫ్రేమే వంకరగా తగిలించారనుకుని లేచి సర్దబోయాడు.

“ఫ్రేము తిన్నగానే ఉందిలే బావా,” అన్నాడు నాయన. “ఒరిగింది ఓడ.”